కళ్లద్దాలు కడిగినావిడ

ఆ సాయంత్రం గడియారాలాయన ఇంటికి రాగానే ఇల్లాలు గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆయన కళ్లద్దాలు తళతళా మెరుస్తున్నాయి.

పందొమ్మిదేళ్ల కాపురంలో అవి అలా మెరవడం ఆమె ఎన్నడూ చూడలేదు. గడియారాలు బాగుచేసే మనిషి కదా, వాటి మీద ఎప్పుడూ నూనె వేలిముద్రలే. తుడిచినా చొక్కా అంచుతో ఒక్క రుద్దు రుద్ది, ఉన్న జిడ్డును అద్దమంతా సమంగా పంచేవాడు.

"ఎవరు తుడిచారండీ?"

"ఎవరో తుడిచార్లే," అంటూ ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

ఆ 'ఎవరో' ఆ రాత్రి ఆమెకి కునుకు పట్టనివ్వలేదు.

మర్నాడూ మెరుపే. ఆ మర్నాడూ మెరుపే. పైగా నిమ్మ సబ్బు వాసన. ఇంట్లో వాడేది ఆ సబ్బు కాదు. ఆరింటికి ఇల్లు చేరే మనిషి ఏడు దాటాక వస్తున్నాడు.

మేడమీద వదినతో చెప్పుకుని వాపోయింది.

"అద్దాలేగా, నువ్వే తోమిపెట్టు. పళ్ల పేస్టు రాసి రుద్దావంటే పళ్లు మెరిసినట్టు మెరుస్తాయి. దమ్మిడీ ఖర్చు లేదు," అంది వదిన.

మర్నాడు పొద్దున ఆయన స్నానానికి వెళ్లగానే పేస్టు రాసి, పాత తువ్వాలుతో చెయ్యి నొప్పెట్టేలా రుద్దింది.

ఆయన పెట్టుకుని అటూ ఇటూ చూశాడు.

"కొంచెం మసగ్గా ఉందే."

"నేను తోమితే మసక, ఆ ఎవరో తోమితే మెరుపు. అంతేగా?"

ఆయన చెప్పులేసుకుని దుకాణానికి బయల్దేరాడు.

సాయంత్రం ఆమె దుకాణం ఎదుటి మలుపులో కాపు కాసింది. ఆయన షట్టరు దించి, ఇంటివైపు కాక వెనక సందులోకి తిరిగాడు. దొంగలా గోడవారగా, గోడ తడుముకుంటూ నడిచాడు.

సందు చివర చిన్న గది. కిటికీ తెరిచే ఉంది.

లోపల ఆయన కళ్లద్దాలు తీసేసి, కళ్లు మూసుకుని స్టూలు మీద కూర్చున్నాడు. కిటికీకి వీపు పెట్టి కూర్చున్న ఒకావిడ ఆయన చెయ్యి పట్టుకుని, వేళ్లను బల్ల మీద దేన్నో తడిమిస్తోంది. ఆయన మొహంలో పసిపిల్లాడి నవ్వు.

ఆ నవ్వు తన దగ్గర నవ్వి ఎన్నాళ్లయింది?

'పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతోందన్నమాట!' అనుకుంది. ఇంటికి ఎలా వచ్చిపడిందో ఆమెకే తెలియదు.

మర్నాడు ఆయన దుకాణానికి వెళ్లగానే, తాడో పేడో తేల్చుకుందామని ఆ సందులోకి బయల్దేరింది.

ఆవిడ కుళాయి దగ్గర వంగి గిన్నెలు కడుగుతోంది.

"గడియారాలాయన అద్దాలు కడిగేది నువ్వేనా?"

"నేనేనండీ. మీరు?"

"ఆయన పెళ్లాన్ని!"

"అయ్యో, రండి రండి," అంది ఆవిడ తల ఎత్తకుండానే. "మీకో మాట చెప్పాలనుకున్నాను. అద్దాలకి పేస్టు వాడకండి, గీతలు పడ్డాయి. పొడిగా అసలు రుద్దకూడదు. నీళ్ల కింద తడిపి, గిన్నెల సబ్బు ఒక్క చుక్క వేసి, వేలికొసలతో మెల్లగా రాయండి. కడిగాక వేలి కింద కిర్రుమంటే జిడ్డు వదిలినట్టే. మెత్తటి పాత నూలుగుడ్డతో అద్దితే చాలు."

మొగుణ్ని కాజేసింది చాలక పాఠాలు కూడానా! కనీసం మొహం చూసి మాట్లాడదే!

"నా మొగుడి అద్దాలు ఎలా తోమాలో నువ్వు చెప్పాలా నాకు? పరాయి మగాడి మీద కన్నేయడానికి సిగ్గులేదూ?"

ఆవిడ చేతులు నీళ్లలో ఆగిపోయాయి.

"మీ ఆయన మీకేమీ చెప్పలేదా?"

"చెప్పుకునే ముచ్చటా ఇది? ఇంకొక్కసారి ఆయన ఈ గుమ్మం తొక్కితే సందంతా పోగుచేస్తాను!"

ఆవిడ కుళాయి కట్టేసింది.

"ఆయన చెప్పాల్సింది నేను చెప్పకూడదు. ఇక రావద్దంటాను లెండి," అంది.

వారం గడిచింది. ఆయన వేళకే ఇల్లు చేరుతున్నాడు. అద్దాలు ఇల్లాలే కడుగుతోంది, ఒక్క చుక్క సబ్బుతో, కిర్రుమనేదాకా. ఎవరు నేర్పారో మాత్రం తనకు తానే ఒప్పుకోలేదు. అద్దాలు మెరుస్తున్నాయి. వాటి వెనకున్న మొహమే వెలవెలబోతోంది.

ఆదివారం కాఫీ అందిస్తే ఆయన చెయ్యి జానెడు పక్కకి వెళ్లింది. గ్లాసు నేలపాలైంది.

"కనబళ్లేదా? ఇప్పుడేగా కడిగిచ్చాను!"

"మసక అద్దాల్లో లేదే, కళ్లలో ఉంది," అన్నాడాయన. "ఏడాదిలో పూర్తిగా పోతుందన్నాడు డాక్టరు. నువ్వు బెంగపడతావని దాచాను."

ఆమె ఆయన అద్దాలు తీసి కళ్లలోకి చూసింది.

"వెనక సందులో ఒకావిడ, చూపు పోయేవాళ్లకి చేతిపని నేర్పుతుంది. వెళ్లగానే నా అద్దాలు తీయించి, కడిగి పక్కన పెట్టేసేది. కళ్లు మూసుకునే గడియారం విప్పి బిగించాను తెలుసా, ఒక్క మర కూడా పోలేదు! ఏమైందో మరి, ఉన్నట్టుండి ఇక రావద్దంది."

ఆమె చెప్పులైనా వేసుకోకుండా సందులోకి పరుగెత్తింది.

గదికి తాళం వేసి ఉంది.

"నిన్ననే ఖాళీ చేసింది తల్లీ. ఎక్కడికో చెప్పలేదు," అంది పక్కవాకిట్లో ముసలమ్మ. "నేను లేనప్పుడు ఎవరో వచ్చి నానా మాటలూ అని పోయిందట. తనిక్కడుంటే ఆ ఇంట్లో గొడవ ఆగదని వెళ్లిపోయింది."

"ఆ వచ్చినావిణ్ని ఏమైనా అందా?"

"ఏమీ అనలేదు. 'అది కోపం కాదు పిన్నీ, భయం. మొగుడంటే ప్రాణం కాబోలు' అంది. మనిషి ఎలా ఉంటుందో చెప్పవే, వెళ్లి నాలుగు దులిపేస్తానని అడిగాను. నా మతిమరుపు మండిపోనూ, పుట్టినప్పట్నుంచీ వెలుగే ఎరగని పిల్లకి ఎవరి మొహమైనా ఎలా తెలుస్తుంది తల్లీ?"