చారుకి పరీక్ష

రామూర్తి తన గిన్నెలోంచి చెంచాడు చారు తీసి గ్లాసుడు క్యాను నీళ్లలో కలిపాడు. జేబులోని గోధుమరంగు సీసా తీసి ఒక్క చుక్క వేశాడు. గ్లాసులో పల్చటి మసక కదిలింది, అంతే.

"ఏటి బావా, నా చారుకెన్ని మార్కులొచ్చాయి?" అంది సుభద్ర.

"నూటికి నూరు."

అతను కాశీబుగ్గలో ఒక జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అసిస్టెంటు. సీసాలోది సిల్వర్ నైట్రేటు. నీళ్లలో కరిగిన ఉప్పు కంటికి కనపడదు. ఈ చుక్క పడితే మాత్రం పాలు విరిగినట్టు తెల్లగా బయటపడుతుంది. కూరగాయల్లో సహజంగా ఉండే ఉప్పుకైతే ఈపాటి మసకే.

మూడు నెలల క్రితం ఊళ్లో వైద్య శిబిరం పెడితే మొగుడూ పెళ్లాం ఇద్దరూ పరీక్షకి రక్తం ఇచ్చారు. కాగితాలు తెచ్చింది అతనే.

"నాకు కిడ్నీ దెబ్బతినడం మొదలైందట సుభద్రా," అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

ఆమె తండ్రినీ, ఇద్దరన్నలనూ తీసుకుపోయింది ఆ జబ్బే. చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుంది.

"నువ్వు బయపడకు బావా. మా పెద్దన్నియ్య ఆ మాట యిన్న రోజే మంచమెక్కీసినాడు, మరి దిగనేదు. బయ్యంతోటే సగం పోయినాడు. నువ్వేటి తింటే నానూ అదే తింతాను."

ఆ రోజే ఆవకాయ జాడీ, ఎండుచేపలు పక్కింటి ఎర్రమ్మకి వెళ్లిపోయాయి. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలన్నీ అతను పారేశాడు. బోరునీళ్లు మాన్పించాడు.

"మరిగించుకుంటే సాలదేటి?" అంది ఆమె.

"మరిగిస్తే నీళ్లు ఆవిరైపోతాయి గానీ, కరిగినవి ఎక్కడికీ పోవు. ఇంకా చిక్కబడతాయి."

ఇప్పుడతను చెయ్యి చాచి ఆమె గిన్నెలోంచి కూడా ఒక చెంచాడు తీశాడు. చుక్క పడగానే గ్లాసు తెల్లబడిపోయింది.

సుభద్ర తల వంచుకుంది.

"నోరు సచ్చిపోయింది బావా. సిటికెడేసుకున్నాను. నీ దాన్లో ఎయ్యనేదు, ఒట్టు."

రామూర్తి ఆ గిన్నె తీసుకెళ్లి పెరట్లో పారబోశాడు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆమె మీద గొంతెత్తి ఎరగడు. ఇవాళ అరిచాడు.

"నేను చప్పిడి తింటుంటే నీకు ఉప్పు కావాలా? ఇదేనా నా మీద ప్రేమ?"

గోడవతల నుంచి ఎర్రమ్మ అందుకుంది. "ఏటి మూర్తీ, జబ్బు నీకయితే దాని నోరు కట్టీడమేటి? మనిసివేనా?"

"నువ్వూరుకో అప్పా, తప్పు నాదే," అంది సుభద్ర. మొగుడి వైపు తిరిగి, "మరెప్పుడూ ఎయ్యను," అంది.

సోమవారం ఇద్దరూ మళ్లీ రక్తపరీక్షకి టెక్కలి ఆసుపత్రికి వెళ్లారు. "నీకొక్కడికే సూదేటి?" అంటూ ఆమె కూడా చెయ్యి చాపింది. సాయంత్రానికి కాగితాలొచ్చాయి. డాక్టరు రామూర్తిని ఒక్కడినే లోపలికి పిలిచాడు. బయట బెంచీ మీద సుభద్ర కళ్లు మూసుకుని, బావకి నయమైతే రావివలస నడిచొస్తానని ఎండల మల్లన్నకి మొక్కుకుంటోంది.

డాక్టరు అంకెలు చూసి తలాడించాడు.

"పెరగలేదు. శిబిరం నాడు ఎంతుందో అంతే ఉంది. పథ్యం బాగా చేయిస్తున్నారు."

రామూర్తి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

డాక్టరు గొంతు తగ్గించి అడిగాడు.

"మరి జబ్బు మీది కాదు, తనదని ఆమెకి ఎప్పుడు చెబుతారు?"