బేలి మహారాజు వంశాంకురం

"ఈ మేకల కంపు కొట్టేవాడు నాకు తమ్ముడా! ముందు వీణ్ణి బయటికి గెంటండి. తర్వాత మాట్లాడదాం."

తుద్వల్ పెద్దాయన కూర్చునే ఎత్తుపీట మీద ఎవరూ కూర్చోమనకుండానే కూర్చుంటూ అరిచాడు మైరిగ్. బ్రిటన్ దీవిలో గ్వినెడ్ కొండల నడుమ మంచి లోయ తుద్వల్‌ది. పిల్లలు లేకుండానే పోయాడు. ఆ లోయ, అందులోని పచ్చిక, ఈ పొడవాటి చెక్క ఇల్లు ఆయన రక్తం పంచుకున్నవాళ్ళలో ఎవరికి దక్కాలో ఈ రోజు తేలాలి. మైరిగ్ ఆయనకు అన్న కొడుకు. అంతా తనకే రాసిపెట్టి ఉందని అతని ధీమా. అందుకే పంచాయితీ పొద్దున్నే మొదలైనా, తను మాత్రం తీరిగ్గా భోజనాల వేళకు, వంశావళి చదివే భట్రాజును వెంటేసుకుని మరీ వచ్చాడు.

గుమ్మం పక్కన కూర్చుని బార్లీ రొట్టెకు వెన్న రాసుకుంటున్న హూవా నవ్వాడు. తుద్వల్ తమ్ముడు ఒకాయన కొండ మీద మేకలు కాసుకుంటూ బతికి, అక్కడే పోయాడు. తను ఆయన కొడుకునంటాడు హూవా.

"కంపు నాది కాదన్నయ్యా, మేకలది. ఎండనపడి, వాననపడి వచ్చావు. రొట్టె తిందువు గాని రా."

"అన్నయ్యా అన్నావంటే పళ్ళు రాలగొడతాను!"

న్యాయం చెప్పే ఇథెల్ ముసలాయన చెయ్యెత్తాడు. "మైరిగ్, నువ్వు రాకముందు పొద్దున్న పెద్దలంతా..."

"పెద్దల సంగతి తర్వాత, ఇథెల్ గారూ! ముందు నేనెవరో వినండి. ఊఁ, చదవవయ్యా!"

భట్రాజు గొంతు సవరించుకున్నాడు. మైరిగ్ కదొగాన్ కొడుకు, కదొగాన్ రిరిద్ కొడుకు, రిరిద్ ఇంకెవరి కొడుకో... పేర్లు వాన చినుకుల్లా పడుతూనే ఉన్నాయి. వినేవాళ్ళలో ఇద్దరికి కునుకు పట్టింది. మైరిగ్ మాత్రం ప్రతి పేరుకూ తల పంకించాడు, వాళ్ళందర్నీ తనే కన్నట్టు. చివరికి భట్రాజు రెండు చేతులూ పైకెత్తాడు. "బ్రిటన్ దీవినంతా ఏలినవాడు, సముద్రపు కెరటాలన్నిటినీ పశువుల మందలుగా కాచుకున్న దొర, బేలి మహారాజు!"

"కెరటాల్ని పితికి పాలు తాగాడా ఏం?" అన్నాడు హూవా. ఇల్లంతా ఘొల్లుమంది. "అన్నయ్యా, మా కొండ మీద పందులు కాసేవాడూ బేలి వంశమే. చెప్పులు కుట్టేవాడూ బేలి వంశమే. ఇంతమందిని కంటూ ఆ మహానుభావుడు రాజ్యం ఎప్పుడేలాడో మరి!"

మైరిగ్ మొహం కందగడ్డయింది. "ఆ పేరు నీ నోట రాకూడదు!"

"సరే, రాదు. గొడవెందుకు? లోయ పెద్దదేగా. ఏటికి ఆ పక్క నువ్వు తీసుకో, ఈ పక్క నాకు వదిలెయ్."

"నీతో పంచుకోవడమా! మా చిన్నాన్న కొండెక్కిన రోజే మాకు చచ్చినవాడితో సమానం. ఆయనకు పిల్లలే లేరు. నిన్ను ఏ మేకో ఈని ఉంటుంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. హూవా రొట్టె కింద పెట్టేశాడు. తనను ఎన్ని అన్నా పడ్డాడు గాని, తల్లిని అన్న మాట మాత్రం గుండెలో దిగబడింది.

"ఆ మాట గంట మీద చెయ్యి పెట్టి చెప్పగలవా అన్నయ్యా?"

ఒట్లు వేయించడానికి వచ్చి ఇథెల్ పక్కన కూర్చున్న పూజారి ఒళ్ళో ఇనుప గంట ఉంది. ఎప్పటి పుణ్యపురుషుడిదో. దాని మీద చెయ్యి పెట్టి బొంకితే నోరు వంకరపోతుందని ఆ చుట్టుపక్కల దొంగలు కూడా నమ్ముతారు.

"తొందరపడకు, మైరిగ్," అన్నాడు ఇథెల్. "పొద్దున్న పెద్దలు..."

"మీరు అడ్డు రాకండి!" మైరిగ్ విసురుగా వెళ్ళి గంట మీద అరచెయ్యి వేశాడు. "వీడికీ నాకూ ఒక్క నెత్తురు బొట్టు సంబంధం కూడా లేదు. చాలా?"

"తండ్రుల వైపు నుంచి కూడానా?" అడిగాడు హూవా.

"తండ్రుల వైపూ లేదు, తాతల వైపూ లేదు."

"పోనీ, బేలి వైపు నుంచైనా..."

"బేలి నుంచి ఈ రోజు దాకా వీడి వంశంలో ఏ ఒక్కడూ నాకేమీ కాడు!"

భట్రాజు అలవాటుకొద్దీ "భళా!" అన్నాడు.

ఇథెల్ నిట్టూర్చాడు. "రెండుసార్లు చెప్పబోయాను, విన్నావు కావు. హూవా తుద్వల్‌కి సొంత తమ్ముడి కొడుకేనని పొద్దున్నే పెద్దలంతా ఇదే గంట మీద ప్రమాణం చేశారు. అది ఖాయమైపోయింది. హూవా వంశమంటే తుద్వల్ వంశమే."

"అయితే?"

"ఆ వంశంలో ఎవరూ నీకేమీ కారని ఇప్పుడు నువ్వే ఒట్టేశావు. కాదు, బొంకానంటావా? దొంగ ఒట్టుకు శిక్షేమిటో నేను చెప్పాలా?"

మైరిగ్ గంట మీంచి చెయ్యి లాక్కున్నాడు. భట్రాజు అప్పటికే వెళ్ళి హూవా పక్కన నిలబడి, తండ్రిగారి పేరేమిటని వినయంగా అడుగుతున్నాడు.

హూవా అతణ్ణి తప్పించుకుని లోపలికి వెళ్ళాడు. చెక్క తొట్టెతో నీళ్ళు తెచ్చి మైరిగ్ ముందు పెట్టాడు.

"ఎవరోగాని దూరం నుంచి వచ్చినట్టున్నారు. కాళ్ళు కడుక్కోండయ్యా, పరాయివాళ్ళను పస్తు పంపడం మా బేలి వంశంలో లేదు."