చెక్కగోడకు అవతలి కంప్యూటర్

"తలుపు తియ్యవే! నా కంప్యూటర్ చచ్చింది. మధ్యాహ్నానికి పరీక్ష పేపర్లు అచ్చేసివ్వకపోతే నా ప్రెస్సు మూతే!"

నాన్న కొట్టును రెండు చేసిన చెక్కగోడకు అవతల, వాటాల కోసం కోర్టుకెక్కాక అక్కతో మాటలు మానేసిన చెల్లెలు తలుపు తీసింది. చచ్చినదానిలో మళ్లీ విండోస్ వేసే పెన్‌డ్రైవ్ తయారుచెయ్యాలంటే బతికున్న కంప్యూటర్ ఇంకొకటి కావాలి. అది చెల్లెలి దగ్గరే ఉంది.

అక్క ఇచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టి, తెరమీద వచ్చిన హెచ్చరిక చూసి చెల్లెలు ఆగింది.

"విండోస్ ఎక్కిస్తే దీంట్లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. ఏమున్నాయి?"

అక్క నసిగింది.

"ఫోన్లో నువ్వు నన్ను తిట్టిన తిట్లు. జడ్జిగారికి వినిపిద్దామని దాచా. పోతే పోనీ, చెరిపెయ్!"

చెల్లెలు దాన్ని ఊడబీకి అక్క చేతిలో పెట్టేసింది. అక్క అక్కడే కూలబడింది.

"కాళ్లు పట్టుకోమంటావా? చెప్పు, పట్టుకుంటా."

చెల్లెలు సొరుగులోంచి ఇంకో పెన్‌డ్రైవ్ తీసి పెట్టింది. తెరమీద మళ్లీ అదే హెచ్చరిక వచ్చింది.

"దీంట్లో ఏముందే?" అంది అక్క భయంగా.

"నువ్వు నన్ను తిట్టినవి. ఇంక చోటు కూడా లేదు," అంటూ చెల్లెలు 'సరే' నొక్కింది.