ఏడో నంబరు బస్సు

"కార్డు చూపెట్టుండ్రి సార్."

బస్సు తలుపు పక్కన వేలాడే హాజరు కాగితం మీద సంతకం పెట్టబోతున్న ఆయన చెయ్యి ఆగింది.

"కార్డు లేదు నర్సయ్యా. పదమూడో తారీఖునే ఆఫీసులో ఇచ్చేశాను."

"మీరే ఇచ్చిండ్రా, వాళ్ళు తీసుకున్నరా?"

వెనక సీట్లో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

ఆయనకు యాభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, చేతిలో టిఫిన్ డబ్బా. పేరు సోమేశ్వరరావు అని సంతకాన్ని బట్టి డ్రైవర్ నర్సయ్యకు తెలుసు. వారం రోజులుగా యూసుఫ్‌గూడలో ఎక్కి మాదాపూర్‌లో దిగుతున్నాడు. సాయంత్రం మళ్ళీ అదే బస్సులో వెనక్కి.

ఆయన ఉద్యోగం పోయిందని నిన్ననే తెలిసింది. చెప్పింది రోజూ ఈ బస్సులో వచ్చే రవికిరణ్. చాడీగా చెప్పలేదు, జాలిపడి చెప్పాడు.

"పాపం, ఇంట్లో చెప్పుకోలేదేమో అన్నా. పొద్దంతా సైబర్ టవర్స్ ఎదురుగా బండల మీద కూర్చుంటున్నాడు."

1999 ఆగస్టు అది. కంప్యూటర్లలో రెండు వేల సంవత్సరం కోసం తేదీలు దిద్దే పని చివరికొచ్చింది. పని తగ్గేసరికి మనుషులు ఎక్కువయ్యారు. ఈ బస్సులు పెట్టిన కంపెనీ రెండు నెలల్లో అరవై మందిని పంపేసింది. ఉద్యోగులను తెచ్చే ఏడు బస్సుల్లో నాలుగు ఆగిపోయాయి.

మిగిలిన మూడింటిలో నర్సయ్యది ఒకటి.

ట్రావెల్స్ ఓనరు భాస్కర్ ముందే చెప్పాడు. "ఈ నెలాఖరుకు ఏడాది ఒప్పందం మళ్ళ రాస్తరు. కాగితంల ఒక్క దొంగ సంతకం దొరికినా నీ బండి పోతది. బండి పోతే నాకాడ నీకు వేరే బండి లేదు."

నర్సయ్యకు ఆ మాట బాగా గుర్తుంది. కిందటేడు లారీ పని పోయి ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. భార్య కనకమ్మ కొత్తగూడలో లేస్తున్న అపార్టుమెంట్ల దగ్గర ఇటుకలు మోసి ఇల్లు నడిపింది. ఆమె మెడనొప్పి ఇంకా తగ్గలేదు.

అందుకే రాత్రంతా లెక్క వేసుకున్నాడు. దించితే పోయేది ఒక మనిషి. పట్టుబడితే పోయేది బండి.

"దిగుండ్రి సార్. మీకు నౌకరీ లేదు. నాది తీయకుండ్రి."

"నెలాఖరు దాకా రానివ్వు. వారమేగా."

"ఇంట్ల జెప్పలేదా సార్? జర ధైర్యం జేసి చెప్పుండ్రి. ఎన్ని దినాలు దాస్తరు?"

"ఇంట్లో తెలుసు. ఈ డబ్బా కట్టిచ్చింది మా ఆవిడే."

"మరి ఇగ మాదాపూర్‌ల ఏం పని?"

ఆయన ఒకసారి బస్సు వెనక దాకా చూశాడు.

"అందరి ముందూ చెప్పేది కాదు. సాయంత్రం చెబుతాను."

"సాయంత్రం లేదు, పొద్దుగాల లేదు."

బస్సులో అందరికీ ఒక్కసారిగా కిటికీ బయట ఏదో కనిపించింది. ఉద్యోగం పోయినవాడి తరఫున మాట్లాడితే తర్వాతి జాబితాలో తమ పేరు ఎక్కుతుందని ఎవరి భయం వారిది. ముందు సీట్లో ఉన్న సంయుక్త మాత్రం మెల్లగా అంది.

"రానివ్వండి నర్సయ్యా. సీట్లు ఖాళీగానే ఉన్నాయి కదండీ."

"సీటుతోని కాదు మేడం. సంతకంతోని పరేషాన్."

సోమేశ్వరరావు పెన్ను జేబులో పెట్టుకుని దిగాడు. వెళ్ళబోతూ ముందు చక్రం వైపు వంగి చూశాడు.

"ఇందులో గాలి తక్కువుంది. చూసుకో."

బస్సు కదిలింది. చెక్‌పోస్టు దాటాక నర్సయ్య గుండె తేలికపడింది. తన బస్సు కాగితం ఇప్పుడు కడిగినంత శుభ్రంగా ఉంది.

సెప్టెంబరు ఒకటో తారీఖున గేటు దగ్గర సెక్యూరిటీ అతను బస్సును ఆపేశాడు. మనుషులను దించి, తిరిగి రానక్కర్లేదన్నాడు.

నర్సయ్య తిన్నగా ఆఫీసులోకి నడిచాడు. బస్సుల కాగితాలు చూసే బల్ల దగ్గర వసంత అనే అమ్మాయి ఉంది.

"నేనేం తప్పు జేసిన మేడం? నా కాగితంల ఒక్క దొంగ సంతకం లేదు. నౌకరీ పోయినాయనను నేనే దించేసిన."

వసంత ఏడో నంబరు కాగితాలు తీసి చూసింది.

"తప్పేం లేదు నర్సయ్యా. మనుషులు చాలలేదు. నెలలో ఒక్క రోజు ఇరవై కంటే తగ్గినా ఆ బస్సు తీసెయ్యాలి. ఇరవై నాలుగో తారీఖు నుంచి మీకు పంతొమ్మిదే."

"గా ముచ్చట ఎవ్వలూ జెప్పలే."

"బయటికి చెప్పొద్దన్నారు. చెబితే దొంగ సంతకాలు పెట్టిస్తారని."

నర్సయ్య కాగితం మీద వేలు పెట్టి, కింది నుంచి పైకి లెక్కపెట్టాడు. ఇరవై మూడో తారీఖు దగ్గర వేలు ఆగింది.

"ఈ సార్ నౌకరీ పోయింది గద మేడం. ఈయన సంతకం ఎట్ల చెల్లుతది?"

"చెల్లుతుంది. కార్డు తీసుకున్నారు, ఆఫీసుకు రానక్కర్లేదన్నారు. పేరు మాత్రం నెలాఖరు దాకా రిజిస్టర్లోనే ఉంది."

"రానక్కర్లేదంటే ఎందుకొచ్చిండు?"

వసంత కాగితాలు సర్ది కట్టగా కట్టింది.

"నాకంటే ముందు ఈ బల్ల దగ్గర పనిచేసింది ఆయనే నర్సయ్యా, వెళ్ళిపోయే రోజు మీ బస్సులో ఎందరు మిగిలారో లెక్కపెట్టి, 'ఒకరు తగ్గారమ్మా, సోమవారం నుంచి స్కూటరు మానేసి నేను ఎక్కుతాలే' అన్నారు."