పిడి మీది కుంకుమ

“ఇది దానంతటదే పేలుద్దా, పేలదా? అదొక్కటి చెప్పండి బాబూ, చాలు.”

ఆవిడ చేతిసంచిలోంచి తువ్వాలు మూట తీసి బల్ల మీద విప్పింది. లోపల పాతకాలపు రివాల్వర్. తౌఫీక్ వెంటనే దాన్ని ముట్టుకోలేదు. ముందు ఆవిణ్ణి చూశాడు. యాభై దాటిన మనిషి. బోసి నుదురు, మెళ్ళో నల్లదారానికి చిన్న సిలువ, గరుకుదేరిన చేతులు.

“పేరేంటమ్మా?”

“సువార్తమ్మ.”

“దీని లైసెన్సు ఎవరి పేరున ఉంది?”

“ఆ మనిషి ఇప్పుడు లేడు.”

విజయవాడ వన్‌టౌన్‌లో ఆ తుపాకుల రిపేరు షాపు తౌఫీక్ తాత పెట్టింది. ‘మన ఇంట్లో డిగ్రీ చదివినవాడివి నువ్వొక్కడివే, అన్నీ రూలు ప్రకారం నడుపు’ అని తండ్రి ఒకటికి పదిసార్లు చెప్పి మరీ అప్పగించాడు. దొంగసొత్తు ఒక్కటి షాపులో దొరికితే చాలు, లైసెన్సు రద్దు.

సిలిండర్ ఖాళీగా ఉందని చూసుకున్నాకే అతను దాన్ని కిటికీ వెలుగులో తిప్పి చూశాడు. ఇంగ్లండులో చేసిన సరుకు. ఎడంవైపు నీలిరంగు మెరుపు ఇంకా నిగనిగలాడుతోంది. కుడివైపు మాత్రం స్ఫోటకం మచ్చల్లా తుప్పు గుంటలు. స్క్రూల గాడుల్లో పసుపు. పిడి గళ్ళలో ఎండిపోయిన కుంకుమ. ఏటా దసరాకి ఒకే వైపు పైకి పెట్టి, పసుపు రాసి, కొబ్బరినీళ్ళు చల్లి పూజ చేసిన తుపాకీ అది. భక్తి కొద్దీ ఇలా పాడుచేసుకునేవాళ్ళని అతను చాలామందిని చూశాడు.

కానీ సిలువ వేసుకున్న మనిషి చేతిలో కుంకుమ పూసిన తుపాకీని చూడడం ఇదే మొదలు.

“ఎక్కడిదమ్మా ఇది?”

“మా అత్తగారు పోతాపోతా నా చేతిలో పెట్టింది.”

“మీ అత్తగారు ఆయుధపూజ చేసేవారా?”

“ఏటా. కొత్తచీర కట్టుకుని మరీ.”

ఎంత తొణక్కుండా అబద్ధమాడుతోంది అనుకున్నాడు తౌఫీక్. పిడికి బిగించిన వెండిరేకు మీది మకిలిని బొటనవేలితో రుద్దాడు. ‘వెంకటసుబ్బారావు, ఉయ్యూరు’ అన్న అక్షరాలు తేలాయి.

“ఈయనగారింట్లో పని చేశావా?” అతనికి తెలియకుండానే మర్యాద జారిపోయింది.

“చేశా. పాలు పితికా, అంట్లు తోమా, గొడ్లసావిడి ఊడ్చా.”

“మరి పేలుద్దా, పేలదా అని నీకెందుకు?”

“దీంతో ఒక మనిషి పోయాడు బాబూ. తుడుస్తుంటే దానంతటదే పేలిందన్నారు. అది నిజమో కాదో తెలిస్తే నా ప్రాణం కుదుటపడుద్ది.”

“తెలుసుకుని ఏం చేస్తావు?”

“ఆ మాటన్నవాళ్ళ మొహం చూస్తా.”

తౌఫీక్‌కి అంతా అర్థమైనట్టనిపించింది. దొంగతనం ఒక్కటే కాదు, పెద్దింటివాళ్ళని బెదిరించి లొంగదీసుకునే ఎత్తు కూడా ఉంది. “కూర్చో. టీ చెప్పొస్తా,” అని రివాల్వర్‌ని బీరువాలో పెట్టి తాళం వేసి, పక్కనున్న ఎస్టీడీ బూత్‌లోకి వెళ్ళాడు. డైరెక్టరీ తిరగేస్తే ఉయ్యూరులో అదే పేరు ఉంది. తాత పేరు మనవడికి పెట్టుకున్నట్టున్నారు.

“మీ ఇంటిపెద్ద పేరున్న రివాల్వర్ ఒకటి మా షాపుకొచ్చిందండీ.”

“ఎవరికీ ఇవ్వమాక. వస్తున్నా,” అంది అవతలి గొంతు.

తౌఫీక్ తిరిగొచ్చేసరికి ఈపాటికి ఉడాయించి ఉంటుందనుకున్న మనిషి, తలుపు పక్క బెంచీ మీద కూర్చుని టీ చల్లార్చుకుంటోంది. అతను బీరువా తెరిచి రివాల్వర్‌ని విప్పడం మొదలుపెట్టాడు. అడిగింది దొంగే అయినా, చేతికొచ్చిన పని సగంసగం చెయ్యడం అతనికి రాదు.

“తేలిందా బాబూ?”

“తేలుతోంది. తొందరేంటి?”

“తొందరేం లేదు. ఎంతసేపైనా కూర్చుంటా.”

ఆ నింపాదే అతనికి మరీ అనుమానంగా తోచింది.

పనంతా అయి, అతను మళ్ళీ బిగించేసరికి బయట కారు ఆగింది. సువార్తమ్మ కొంగు తలమీదుగా ముఖం దాకా లాక్కుంది. తెల్లబట్టల పెద్దమనిషి ఆమె వైపు చూడనైనా చూడకుండా నేరుగా బల్ల దగ్గరికి వచ్చాడు.

“ఇదే! మా అమ్మ పోయిన్నాటి నుంచీ కనపళ్ళేదు. జాగర్త అబ్బాయ్, పాడు తుపాకీ ఇది. తుడుస్తుంటే దానంతటదే పేలి మా అన్నయ్యని పొట్టన పెట్టుకుంది.”

“అలా జరగదండీ,” అన్నాడు తౌఫీక్. పనిలో తప్పు మాట వింటే ఊరుకోలేడతను. “పైన చూసి పాడైందనుకోకండి. లోపల నిన్న చేసినట్టుంది. దీన్ని తుడవాలంటే ఇదిగో, ఇలా మధ్యకి వంచాలి. వంచగానే తూటాలన్నీ బయటికొచ్చేస్తాయి. ఇంక పేలేదేముంది? కింద పడినా పేలదు, చెక్కసుత్తితో కొట్టి చూశా. ట్రిగ్గర్ ఎంత బిర్రుగా ఉందో మీరే చూడండి. ఎవరో ఒకరు గురిపెట్టి, గట్టిగా నొక్కితే తప్ప...”

వెంకటసుబ్బారావు మొహాన నెత్తురుచుక్క లేదు.

“నిన్నెవరు చూడమన్నారయ్యా ఇదంతా?”

“మీ పాత పనిమనిషేనండీ. ఎత్తుకొచ్చిందీ ఆవిడే. అదిగో!”

సువార్తమ్మ కొంగు వెనక్కి తోసి లేచి నిలబడింది.

“నువ్వా, వదినా?” అన్నాడు వెంకటసుబ్బారావు.