చెరపకూడని బొమ్మలు

ఆ కాలానికి ప్రతి ఇంటికీ సొంత మెయిల్ సర్వర్ ఉండేది. అది పనిచేయకపోతే ఆసుపత్రి కూడా పలకదు. తాయారమ్మ అల్లుడి ఆపరేషన్‌కు మధ్యాహ్నంలోగా సమ్మతి పంపాలి, లేదంటే వంతు ఇంకొకరికి పోతుంది. పొద్దుటి నుంచీ సర్వర్‌లో డేటాబేస్ లేవనంటోంది.

"డిస్కు నిండిపోయిందమ్మా. కాస్త ఖాళీ చేస్తేనే లేస్తుంది," అంది కూతురు వకుళ. "అంతా మన చుట్టాలు రోజూ పంపే శుభోదయం దేవుడి బొమ్మలే. చెరిపేయనా?"

"తప్పు! పాత క్యాలెండరు మీది దేవుడినైనా గోదాట్లో కలుపుతాం గానీ చెత్తలో వేస్తామా?"

"వీటిని గోదాట్లో ఎలా కలపమంటావు తల్లీ?" వకుళ తెర మీది జాబితాను కిందికి జరిపింది. "అవి కాకపోతే, పోయేముందు నాన్న తన గొంతుతో నీకు పంపిన ఉత్తరాలే ఉన్నాయి. వేరేచోట దాచాలన్నా ముందు ఇది లేవాలి."

పక్కగదిలో అల్లుడు దగ్గుతూనే ఉన్నాడు. తాయారమ్మ ఆ గుమ్మం వైపు చూసింది.

"ఆయనవే తీసెయ్యి," అంది చివరికి. "మనిషి కదా, క్షమిస్తారు."

డేటాబేస్ లేచింది. సమ్మతి వెళ్లింది. వకుళ మొగుడి దగ్గరికి పరుగెత్తింది. తాయారమ్మ దేవుడి ముందు దీపం వెలిగించి, చేతులు జోడించబోయి ఆగిపోయింది.

"నువ్వు క్షమించవని నాకెవరు చెప్పారు స్వామీ?"