పగడం మూత బుడ్డి

"కుక్కను పట్టుకోండి!"

గుడారం బయట ఎవరో కేక వేశారు. ఆ గడ్డి మైదానంలో ఏ ఇంటికి ఎవరొచ్చినా అలాగే కేక వేస్తారు. ఇంటివాళ్లు పరుగున వెళ్లి కుక్కను పట్టుకుంటారు.

చోయిజిల్ లేవబోయాడు.

"నేను గొంగోర్ కొడుకు సమ్దన్‌ని," అంది బయటి గొంతు.

చోయిజిల్ మళ్లీ చతికిలబడ్డాడు.

"వెళ్లవయ్యా, కరుస్తుంది," అంది భార్య హందా.

"కరవనీ. దొంగల వాసన కుక్కకే బాగా తెలుస్తుంది."

హందా విసుక్కుంటూ తానే వెళ్లింది.

గొంగోర్ పేరు వింటే చాలు, చోయిజిల్‌కు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. యాభై ఐదేళ్ల పగ మరి. చోయిజిల్ తాతకు మఠం పెద్దగురువు తన చేత్తో ఇచ్చిన ముక్కుపొడుం బుడ్డి ఒకటి ఉండేది. తేనెరంగు రాయి, పగడం మూత, అడుగున మఠం ముద్ర. అరవై గుర్రాలు కూడా దాని ముందు దిగదుడుపే అనేవారు. చోయిజిల్‌కు ఐదేళ్లప్పుడు అధికారులు వచ్చి గుడారాలన్నీ సోదా చేశారు. పక్క గుడారం గొంగోర్ ఆ అధికారుల ముందుకొచ్చి, "ఆ బుడ్డి నాది," అన్నాడు. వాళ్లతోపాటే లారీ ఎక్కి వెళ్లిపోయాడు. అమ్మ వెనక నక్కి చోయిజిల్ తన రెండు కళ్లతో చూశాడు. ఆనాటి నుంచి గొంగోర్ లేడు, బుడ్డీ లేదు.

అక్కడ కలిసినప్పుడు ఒకరి పొడుం బుడ్డి ఒకరికి అందించుకోవడమే పలకరింపు. తాత బుడ్డి పోయాక ఏ జాతరలో ఎవరు బుడ్డి చాచినా, చోయిజిల్ ముందు దాన్ని తిరగేసి అడుగు చూసేవాడు.

సమ్దన్ తల వంచి లోపలికి వచ్చాడు. మాసిన కోటు, నెరిసిన జుట్టు. మోకాలు వంచి కుడిచేయి చాచాడు. నీలం పట్టుగుడ్డ మాటున బుడ్డి ఉంది.

చోయిజిల్ ఆ చేతివైపు కన్నెత్తి చూడలేదు. తన బుడ్డి మూత గట్టిగా బిగించి, ఎడంచేత్తో విసిరినట్టు అందించాడు. మూత బిగించి ఇవ్వడమంటే మొహాన ఉమ్మినట్టే.

సమ్దన్ దాన్ని మర్యాదగా అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, తిరిగి ఇచ్చాడు.

"మంచి పొడుం అన్నా. నాదీ పుచ్చుకో. ఆ తర్వాత తిట్టుకో."

"నీకు నేను అన్నను కాను. దొంగింటి పొడుం నా ముక్కుకు పడదు."

"ఒక్కసారి చేతిలోకి తీసుకో, చాలు."

"మీ అయ్య మా ఇంట్లో చేతిలోకి తీసుకున్నది చాలదా?"

టీ పోస్తున్న హందా తల దించుకుంది. సమ్దన్ చేయి ఇంకా చాచే ఉంది.

"మా నాన్న గురించి మీ నాన్న ఏమనేవాడు?" అన్నాడు.

"మా నాన్న దేవుడు. డెబ్బై తొమ్మిదేళ్లు బతికాడు. ఒక్కనాడైనా మీ అయ్యను దొంగ అనలేదు. ఆ ఊసెత్తితే లేచి బయటికి పోయేవాడు. అదీ మా వంశం."

సమ్దన్ చాచిన చేయి వెనక్కి తీసుకున్నాడు.

"అయితే నేనూ ఏమీ చెప్పను," అన్నాడు.

"ఏముంది చెప్పడానికి? ఎన్ని గుర్రాలకు అమ్ముకున్నాడో చెబుతావా? ఇక లే."

సమ్దన్ టీ ఒక్క గుక్క తాగి లేచాడు. హందా కుక్క కోసమని వెంట వెళ్లింది.

"దొంగ కడుపున పుట్టి, తలెత్తుకుని ఎలా పోతున్నాడో చూడు," అన్నాడు చోయిజిల్, వాడికి వినపడేలా.

మోటారుసైకిలు చప్పుడు దూరమైంది. హందా లోపలికి వచ్చి నీలం పట్టుగుడ్డ మూట మొగుడి ముందు పెట్టింది.

"నీ చేతికే ఇవ్వాలని వచ్చాడట. నువ్వు పుచ్చుకోలేదుగా."

తేనెరంగు రాయి. పగడం మూత. చోయిజిల్ తిరగేశాడు. అడుగున ముద్ర.

గుండెలకు హత్తుకుని ఏడ్చాడు. ఏడుపు తగ్గాక నవ్వాడు.

"చూశావా? దొంగసొత్తు అరగలేదు. కొడుక్కి పాపభయం పట్టుకుంది. రేపే పది ఇళ్లకు చెబుతాను."

"చెబుదువుగానీ, ముందు ఇది చదువు," అంటూ హందా ఒక కాగితం అతని ఒళ్లో పడేసింది. "ఇవ్వాలో వద్దో నన్నే చూసుకోమన్నాడు. పోయిన మామగారి పరువు తీయడమెందుకని దాచేద్దామనుకున్నాను. నీ నోరు దాచనివ్వలేదు."

ప్రభుత్వం మారాక పాత దస్త్రాల నకళ్లు, ఆనాడు పట్టుకున్న వస్తువులు వారసులకు ఇస్తున్నారు. ఇది గొంగోర్ దస్త్రం.

ప్రశ్న: మఠం ముద్ర ఉన్న ఈ బుడ్డి బాద్రాఖ్ గుడారంలో దొరికింది. అతనిదేనా?

జవాబు: కాదు, నాది. అక్కడ నేనే దాచాను.

ప్రశ్న: మఠం సొమ్ము దాచినవాడికి ఏ శిక్షో తెలుసా?

జవాబు: తెలుసు.

ప్రశ్న: బాద్రాఖ్ నీకేమవుతాడు?

జవాబు: ఏమీ కాడు. ఇరుగు పొరుగు. అతనికి ఐదేళ్ల కొడుకున్నాడు. నాకింకా పిల్లలు లేరు.

దాని కింద గొంగోర్‌ను కాల్చేసిన తేదీ ఉంది. లారీ ఎక్కిన పదకొండో రోజు.

బాద్రాఖ్ చోయిజిల్ తండ్రి.

చోయిజిల్ చెప్పులైనా లేకుండా బయటికి పరుగెత్తాడు. కనుచూపు మేరలో ఎవరూ లేరు.

"ఎటు పోయాడే? ఏ ఊరట?"

"అడగనిచ్చావా నన్ను?" అంది హందా. కాగితం తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, అతను చదవకుండా వదిలేసిన చివరి వరుస పైకి చదివింది.

"కుటుంబం: భార్య ఒక్కతే. ఎనిమిదో నెల గర్భిణి."

చోయిజిల్‌కు తండ్రి మిగిలినందుకు తన తండ్రి ముఖం ఒక్కసారైనా చూడలేకపోయినవాణ్ణే, అతను ఇందాక దొంగ కొడుకని ఇంట్లోంచి లేవగొట్టాడు.